‘నీ వరం తెలుసుకో’ తరహా కోర్సు: ఆరు వారాలు చేశాక నా రివ్యూ

చర్చి సంఘంలో ప్రతి ఒక్కరికీ దేవుడు ఏదో ఒక కృపావరం, అంటే సేవకు పనికొచ్చే సామర్థ్యం, ఇచ్చాడు, అదేమిటో తెలుసుకుని పరిచర్యలో (సేవలో) వాడండి అని నేర్పే కోర్సులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఒక వర్క్‌బుక్, వారానికో వీడియో, మధ్యలో పెద్ద ప్రశ్నావళి, చివర్లో సంతకం పెట్టే కార్డు. దాదాపు అన్నీ ఒకే అచ్చు. మేం చేసినదాని పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే మంచీ చెడూ ఆ ఒక్కదానివి కావు, ఇలాంటి కోర్సు మీ సంఘంలో పెట్టాలని ఎవరైనా అనుకుంటుంటే ఏది తీసుకున్నా ఇవే సంగతులు ఎదురవుతాయి.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నేను ఏ వైపు నుంచి మాట్లాడుతున్నానో మీకు తెలియదు. నేను సంఘంలో లెక్కలు చూస్తాను. పదకొండేళ్లయింది. ఆరాధన అయ్యాక ఇంకో సహోదరుడితో కలిసి కానుకలు లెక్కపెట్టి, ఇద్దరం సంతకం పెట్టి, పుస్తకంలో ఎక్కించి, పెట్టె తాళం వేసి బయటికి వచ్చేసరికి హాల్లో ఎవరూ ఉండరు. పాట పాడలేను, వాక్యం చెప్పలేను, నలుగురిలో ప్రార్థన చేయమంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. “పరిచర్య” అన్న మాట వినగానే మైకు ముందు నిలబడే నలుగురైదుగురే గుర్తొచ్చేవాళ్లు నాకు. నేను చేసేది పరిచర్యకు కావలసిన ఏర్పాటు అనుకునేవాణ్ణి, పరిచర్య అనుకోలేదు. ఆ ఆలోచన మార్చినందుకే ఈ కోర్సుకు నేను రుణపడి ఉన్నాను. అయితే మార్చింది కోర్సు వాళ్లు అనుకున్న చోట కాదు, వేరే చోట. అక్కడికి వస్తాను.

మొదటి వారం వదిలేయొచ్చు. నలభై నిమిషాల వీడియోలో “మీరు ముఖ్యమైనవారు” అని పదిసార్లు చెప్పారు, ఎలా ముఖ్యమో ఒక్కసారీ చెప్పలేదు. వర్క్‌బుక్ తెలుగు కూడా ఇబ్బంది పెట్టింది. “నేను ఇతరుల ఎదుగుదలను సులభతరము చేయుటలో సంతృప్తిని కనుగొందును” లాంటి వాక్యాలు. మన బైబిల్ భాష పాతదైనా చెవికి అలవాటైంది, వినసొంపుగా ఉంటుంది. ఇది పాతదీ కాదు, కొత్తదీ కాదు. మీరు చేయిస్తే నడిపించేవాళ్లు ముందు రోజే కూర్చుని ప్రశ్నలన్నీ మామూలు మాటల్లోకి మార్చుకోవాలి, లేకపోతే సగం టైమ్ అర్థాలు చెప్పడంతోనే అయిపోతుంది.

రెండో వారం చాలా బాగుంది. బైబిల్లో పౌలు ఎఫెసీ సంఘానికి రాసిన పత్రిక 4వ అధ్యాయం మీద నడిచింది. క్రీస్తు సంఘానికి అపొస్తలుల్ని, ప్రవక్తల్ని, సువార్తికుల్ని, కాపరుల్ని, ఉపదేశకుల్ని ఇచ్చాడు, సరే, ఎందుకిచ్చాడు అన్నది ప్రశ్న. ఇక్కడ ఒక కామా గొడవ ఉందని నాకు ఇన్నేళ్లలో తెలియదు. ఇంగ్లీషులో 1611 నాటి అనువాదంలో “పరిశుద్ధులను సిద్ధపరచడానికి” అన్నదాని తర్వాత కామా పెట్టారు. అలా చదివితే సిద్ధపరచడం, పరిచర్య చేయడం, సంఘాన్ని కట్టడం, ఈ మూడూ కాపరుల పనే అవుతుంది. ఆ కామా తీసేసి చదివితే అర్థం తిరగబడుతుంది: కాపరులు పరిశుద్ధులను సిద్ధపరుస్తారు, పరిచర్య చేసేది ఆ పరిశుద్ధులే, అంటే మనమే. ఏది సరైనదని పండితుల్లో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. కానీ నాలుగు వచనాలు కిందికి వెళ్తే ప్రతి అవయవమూ తన తన కొలత చొప్పున పనిచేస్తేనే శరీరం పెరుగుతుందని పౌలు రాశాడు కాబట్టి, కామా ఉన్నా లేకపోయినా కూర్చుని చూసేవాళ్లకు ఆ అధ్యాయంలో చోటు లేదు. సిద్ధపరచడం అన్న గ్రీకు మాట గురించి కూడా ఒక మంచి సంగతి చెప్పారు. యాకోబు, యోహాను దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారని మార్కు మొదటి అధ్యాయంలో ఉంది చూశారా, ఆ బాగుచేయడమూ ఈ సిద్ధపరచడమూ ఒకే కుటుంబం మాటలు. వల బాగుచేసేది గోడకు వేలాడదీయడానికి కాదు కదా. మర్నాడు నీళ్లలో వేయడానికి.

అదే వారం మొదటి కొరింథీ 12 కూడా చదివాం. అందరికీ తెలిసిన భాగం, కన్ను చేతితో నువ్వు నాకక్కర్లేదని చెప్పకూడదు అన్నది. అయితే నన్ను పట్టుకున్నది 28వ వచనం. అపొస్తలులు, ప్రవక్తలు, బోధకులు, అద్భుతాలు చేసేవాళ్లు అని వరసగా చెప్పుకుంటూ వచ్చి అదే ఊపులో “ఉపకారములు చేయువారు” అంటాడు, ఆ వెంటనే “ప్రభుత్వములు చేయువారు” అంటాడు. ఈ రెండో మాట చదివినప్పుడల్లా నాకు అధికారులు గుర్తొచ్చేవాళ్లు. అసలు ఆ గ్రీకు మాట ఓడ నడపడం నుంచి వచ్చిందట. చుక్కాని పట్టుకునే పని. అపొస్తలుల కార్యములు 27లో పౌలు ఎక్కిన ఓడకు నావికుడు ఉంటాడే, ఆయనను పిలిచిన పేరుకు ఇది దగ్గర చుట్టం. రసీదులు సర్దడం, తాళాలు చూసుకోవడం, ఏ నెల ఎంత వచ్చింది ఎంత పోయింది అని పెద్దలకు నిజం చెప్పడం, ఇదంతా ఓడ ఇసుకకు తగలకుండా చూడడమే అని ఆ రోజు మొదటిసారి అనిపించింది. ఇంటికొచ్చి ఆ వచనం మూడుసార్లు చదివాను.

ఇక మూడో వారం. ఈ కోర్సుల గుండెకాయ ఇదే అంటారు: ప్రశ్నావళి. 120 వాక్యాలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు మనకి మనమే వేసుకోవాలి. చివర్లో కూడితే ఇరవై వరాల్లో మనకు ఏవి ఎక్కువో తేలుతుంది. నా అసంతృప్తి అంతా దీని మీదే.

ఒకటి, ఇరవై అన్న లెక్క ఎక్కడిది? రోమా 12లో ఏడు వరాల పేర్లున్నాయి. మొదటి కొరింథీ 12లో మొదట చెప్పినవి తొమ్మిది. ఎఫెసీ 4లో ఇంకో వరస. ఏ రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి కలవవు. పౌలు పూర్తి పట్టిక ఇవ్వాలని రాసినవి కావవి, ఆయా సంఘాలకు ఆ సమయానికి కావలసినంత ఉదాహరణలు ఇచ్చాడు. నిర్గమకాండం 31లో బెసలేలు అనే పనివాణ్ణి దేవుడు తన ఆత్మతో నింపింది బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రత్నాలు చెక్కడానికి, కర్ర పనికి. ప్రత్యక్ష గుడారం కోసం నూలు వడికిన స్త్రీలను 35వ అధ్యాయం ప్రత్యేకంగా చెప్పింది. వడకడం ఈ ఇరవైలో ఎక్కడ పెట్టాలి?

రెండు, మనకి మనమే మార్కులు వేసుకోవడం. మా సంఘంలో నిజంగా దీనులైనవాళ్లకు అన్నీ తక్కువ వచ్చాయి. “నా మాటల వల్ల కష్టంలో ఉన్నవాళ్లు ఆదరణ పొందుతారు” అని ఉంటే, నిజంగా ఆదరించేవాళ్లు మూడు వేసుకోరు, ఏదో దేవుని కృప అని ఒకటి వేస్తారు. ఏడాదిగా సంఘానికి వస్తున్న ఒక ఉత్సాహవంతుడైన కుర్రవాడికి నాయకత్వం, బోధ, విశ్వాసం మూడింటిలోనూ పూర్తి మార్కులొచ్చాయి. పిల్లవాడు మంచివాడే, అతని తప్పేమీ లేదు, అడిగిన ప్రశ్నకు తనకు అనిపించినట్టు జవాబు రాశాడు. కానీ ఆ కాగితం చూసి వెంటనే యౌవనస్థుల కూడిక అతని చేతిలో పెట్టేశారు. నెలన్నరకే టెన్షన్ తట్టుకోలేక రావడం తగ్గించేశాడు. ఇప్పుడు మళ్లీ వస్తున్నాడు, వెనక వరసలో కూర్చుంటున్నాడు. ఆ కాగితం లేకపోతే ఇంకో రెండేళ్లు పెద్దవాళ్ల పక్కన నడిచి నెమ్మదిగా ఎదిగేవాడు కదా అని నాకు బాధ.

మూడు, చదువు. మా సంఘంలో ఒక మామ్మ గారున్నారు, ఎనభై దాటాయి, చదువు రాదు. వాక్యాలన్నీ విని విని కంఠతా వచ్చినవే. ప్రశ్నావళి ఇచ్చినప్పుడు ఆవిడ వర్క్‌బుక్ తీసుకుని, అట్ట మీద చేత్తో ఒకసారి నిమిరి, పక్కనున్న సండే స్కూల్ టీచరమ్మాయికి ఇచ్చేసి, “నాకెందుకమ్మా, మీరు చేసుకోండి” అన్నారు. ఆ అమ్మాయి ఊరుకోలేదు. నేను చదువుతాను, మీరు నంబర్ చెప్పండి చాలు మామ్మ గారూ అని పక్కన కూర్చుంది. నేను వాళ్ల వెనక వరసలో ఉన్నాను కాబట్టి అంతా వినబడుతోంది.

మొదటి వాక్యం చదివింది. రోగులను పరామర్శించడం నాకు భారంగా అనిపించదు. సున్నానా, ఒకటా, రెండా, మూడా? మామ్మ గారు నంబర్ చెప్పలేదు. “ఎవరి సంగతి అమ్మా?” అని అడిగారు. ఎవరిదీ కాదు మామ్మ గారూ, మామూలుగా. “మామూలుగా అంటే ఎట్లా చెప్తాను” అని, ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ ఆపరేషన్ అయి పడుకుంటే పన్నెండు రాత్రులు ఆవిడ మంచం పక్కనే పడుకున్న సంగతి మొదలుపెట్టారు. పది నిమిషాలు. చివర్లో అమ్మాయి, అయితే మూడు వేయనా మామ్మ గారూ అంటే, “నేనేం చేశాను, బాగుచేసింది ఆయన. సున్నా వెయ్యి” అన్నారు. ఆ అమ్మాయి సున్నా వేసి, మార్జిన్‌లో సన్నటి అక్షరాలతో పన్నెండు రాత్రులు అని రాసుకుంది. ఆ సాయంత్రం గంటన్నరలో అయినవి ఆరు ప్రశ్నలు. మిగతావాళ్లంతా మార్కులు కూడుకుంటున్నారు, ఈవిడ పేజీలో ఆరు సున్నాలు, చుట్టూ ఖాళీ లేకుండా రాత.

ఆ మార్జిన్ చూశాక నాకు ప్రశ్నావళి మీద నమ్మకం పోయింది, ఆ మాట దాచను. రోమా 16లో పౌలు రూఫు తల్లికి వందనాలు చెబుతూ ఆమె నాకూ తల్లే అంటాడు. ఏం చేసిందో రాయలేదు. ఎప్పుడో ఎక్కడో పౌలును కన్నబిడ్డలా చూసుకుని ఉంటుంది. ఆమెను పిలిచి ప్రశ్నావళి ఇస్తే ఆమె కూడా సున్నాలే వేసుకునేదేమో.

ఆ అధ్యాయం గురించి ఇంకొక్క మాట. చదివేటప్పుడు పేర్లే కదా అని దాటేస్తాం. ఇరవైకి పైగా మనుషులను పౌలు పేరు పెట్టి పలకరించాడు, ప్రతి రెండో పేరుకూ ఏదో ఒక పని జతచేసి ఉంటుంది: ప్రయాసపడింది, ప్రాణం అపాయంలో పెట్టారు, ఇంట్లో సంఘం కూడుతుంది. రోమా పత్రిక అంత పత్రిక, పౌలు చెబుతుంటే దాన్ని తన చేత్తో రాసింది తెర్తియు, ఆయనే మధ్యలో ఒక వాక్యంలో తన వందనాలు పెట్టుకున్నాడు. కెంక్రేయ సంఘంలోని ఫీబేను చేర్చుకోండి అని రోమా వాళ్లకు పౌలు సిఫార్సు చేశాడు, ఆ పత్రిక తీసుకెళ్లింది ఆమే అని చాలామంది పండితుల అభిప్రాయం. చివర్లో పట్టణపు ఖజానాదారుడు ఎరస్తు పేరు ఉంది. లెక్కలవాడి పేరు బైబిల్లో కనబడితే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఆ పక్కనే క్వర్తు. ఆయన గురించి ఉన్నది ఒక్కటే మాట, సహోదరుడు. ఇదంతా కోర్సులో లేదు. ఉండాల్సింది.

నాలుగో వారం. మీరు ఈ కోర్సు మొత్తం చేయలేకపోతే ఇదొక్కటి చేయండి.

ఇందులో మనకి మనం మార్కులు వేసుకోం. ఒక్కొక్కరికీ సంఘంలోని నలుగురు వేరేవాళ్ల పేర్లున్న చీటీలు ఇస్తారు. ఆ మనిషి వల్ల మీకు ఏం అందిందో రాయాలి. కఠినమైన నియమం ఒకటుంది: మంచివాడు, ప్రార్థనాపరురాలు, నమ్మకస్థుడు లాంటి మాటలు రాయకూడదు. ఎప్పుడు, ఏం చేశారు, అదే రాయాలి. కింద సంతకం అక్కర్లేదు. మొదట అందరూ పెన్ను పట్టుకుని కూర్చుండిపోయారు. పొగడడం మనకు అలవాటే, జరిగింది గుర్తు తెచ్చుకుని రాయడమే కష్టం. పదిహేను నిమిషాల తర్వాత హాలంతా రాస్తున్న చప్పుడు.

నాకు నాలుగు చీటీలొచ్చాయి. మూడు మామూలువే, రసీదు మర్చిపోకుండా ఇస్తారు అని ఒకటి, నా పిల్లవాడికి లెక్కలు చెప్పారు అని ఒకటి, గొడుగు ఇచ్చారు అని ఒకటి. నాలుగో దాంట్లో మూడు వరసలున్నాయి. మా ఇంట్లో ఆసుపత్రి ఖర్చుకు సంఘం సహాయ నిధి నుంచి అడగడానికి వచ్చిన రోజు మీరు కవరు చేతికిచ్చారు, తర్వాతి ఆదివారం నన్ను చూసినప్పుడు ఎప్పటిలాగే నవ్వారు, ఈ రోజు వరకు ఆ సంగతి ఎవరి నోటా నేను వినలేదు.

ఆ చీటీ రాసింది ఎవరో నాకు తెలియదు. పదకొండేళ్లలో అలాంటి కవర్లు చాలా ఇచ్చాను. కానుక కవర్ల మీది చేతిరాతలతో పోల్చి చూస్తే తెలిసిపోతుంది, ఆ పెట్టె తాళం నా దగ్గరే ఉంది. ఒక్క క్షణం అనిపించింది. చూడలేదు, చూడను. నా పని అంకెలు అనుకున్నాను ఇన్నాళ్లూ. నోరు మూసుకుని ఉండడం కూడా ఒకరికి పరిచర్యగా అందిందని, అది వాళ్లు ఇన్నేళ్లు మోసుకుంటూ తిరిగారని ఆ చీటీ చదివే వరకు నాకు తెలియదు. ఏ ప్రశ్నావళిలోనూ ఈ ప్రశ్న లేదు. నన్ను నేను ఎంత తరచి చూసుకున్నా ఈ జవాబు దొరికేది కాదు, అది ఇంకొకరి దగ్గర ఉంది. వరం తెలుసుకోవడం అనేది ఒంటరిగా కూర్చుని చేసే పని కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

లెక్కల గురించి రెండు సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, కోర్సు వాళ్లు వాడుకుంటారేమో. రెండో కొరింథీ 8లో యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందా తీసుకెళ్లడానికి సంఘాలు ఏర్పరచిన ఒక సహోదరుడున్నాడు, ఆ డబ్బు విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా జాగ్రత్త పడుతున్నామని పౌలు రాశాడు. ఆయన పేరు కూడా రాయలేదు. రెండోది, ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ కాలం నాటిది. 1742లో అక్కడి బ్రిస్టల్‌లో మందిరం కట్టిన అప్పు తీర్చాలి. మనిషికి వారానికో పెన్నీ అనుకున్నారు. అంత కూడా ఇవ్వలేనివాళ్లున్నారని ఎవరో అంటే, ఫోయ్ అనే ఒక కెప్టెన్ లేచి, పదకొండుమంది అతి పేదవాళ్లను నాకు అప్పగించండి, వారం వారం వాళ్ల దగ్గరికి నేను వెళ్తాను, వాళ్లు ఇస్తే సరే, ఇవ్వలేకపోతే వాళ్లది కూడా నేనే వేస్తాను అన్నాడు. ఇంకొందరు కూడా అలాగే తీసుకున్నారు. పెన్నీ కోసం ఇళ్లకు వెళ్తే ఏ ఇంట్లో తాగుడుంది, ఏ ఇంట్లో గొడవలున్నాయి, ఎవరు విశ్వాసంలో నీరసపడ్డారు అన్నీ కనబడ్డాయి. మెథడిస్టుల క్లాస్ మీటింగులు అలా మొదలయ్యాయి, సుమారు పన్నెండుమందికి ఒక నాయకుడు, ఆ నాయకుల్లో ఎక్కువమంది మామూలు పనులు చేసుకునేవాళ్లే. చందా వసూలు చేయడానికి బయల్దేరినవాళ్లు కాపరులయ్యారు. వర్క్‌బుక్‌లో చరిత్రకు ఇచ్చింది ఒక్క పేజీ. విశ్వాసులందరూ యాజకులే అని సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1520లో రాసిన సంగతి చెప్పి ఆపేశారు. చెప్పింది నిజమే, కానీ ఆ మాట మామూలు మనుషుల వారం రోజుల్లోకి ఎలా దిగిందో ఇలాంటివి చెబితేనే కదా తెలిసేది.

ఐదో వారం బలహీనంగా ఉంది, చెప్పాలంటే ఒకరిని నొప్పించింది కూడా. ఈ వారం సంఘంలో ఏ ఏ పనులున్నాయో పట్టిక ఇచ్చి, మీ వరానికి సరిపోయేది టిక్ పెట్టమన్నారు. స్వాగతం పలకడం, కుర్చీలు వేయడం, సౌండ్, పాటల బృందం, సండే స్కూల్, ప్రభువు బల్ల సిద్ధం చేయడం. అన్నీ ఆదివారం, అన్నీ నాలుగు గోడల లోపల. మా దగ్గర ఒక సిస్టర్ నర్సు. నెలలో రెండు మూడు ఆదివారాలు డ్యూటీ ఉంటుంది. పట్టిక అంతా చూసి, పెన్ను మూత పెట్టేసి, “అంటే నేను చేయగలిగింది ఏమీ లేదన్నమాట” అంది, ఎవరితోనో కాదు, తనలో తనే అనుకున్నట్టు. రాత్రి మూడింటికి ఐసీయూలో భయపడుతున్న మనిషి చెయ్యి పట్టుకునే ఆమె పరిచర్య చేయడం లేదని ఆ కాగితం చెప్పింది. కొలొస్సయి 3లో ఏమి చేసినా ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయండి అని పౌలు రాసింది దాసులకు, యజమాని ఇంట్లో చేసే చాకిరీ గురించి. ఆ చాకిరీనే క్రీస్తు సేవ అన్నప్పుడు ఆసుపత్రి డ్యూటీ ఎందుకు కాదు? ఈ పట్టిక మార్చకుండా వాడకండి. కనీసం ఒక పేజీ ఖాళీగా ఇచ్చి సోమవారం నుంచి శనివారం వరకు మీరు ఎక్కడుంటారో రాయండి అనాలి.

ఇంకో మాట కూడా ఉంది, ఇది కొంచెం లోతైనది, నేను సరిగ్గా చెప్పగలనో లేదో. ఈ కోర్సులన్నీ “ఉపయోగపడడం” అన్న భాష మాట్లాడతాయి. మా సంఘంలో పక్షవాతం వచ్చిన ఒక సహోదరుడున్నారు, మాట పోయింది, కుడివైపు కదలదు. వీల్‌చైర్‌లో తీసుకొస్తారు. ఆయన ఏ టిక్కూ పెట్టలేరు, చీటీ రాయలేరు. పనికి వచ్చేది ఏంటి అన్న ప్రశ్నతో చూస్తే ఆయన దగ్గర ఏమీ లేదు. కానీ పౌలు ఏమన్నాడు? బలహీనంగా కనబడే అవయవాలు మరీ అవశ్యం అన్నాడు. పనికొస్తాయి అనలేదు. లేకపోతే కుదరదు అన్నాడు. ఆయన ఎడమ చెయ్యి పైకెత్తితే పాట మళ్లీ పాడమని అర్థం, పాటల బృందం మళ్లీ మొదలుపెడుతుంది. ఏ పిల్లలూ చెప్పకుండానే ఆయన కుర్చీకి దారి వదిలి కూర్చోవడం నేర్చుకున్నారు. ఆయన కోసం మేం నెమ్మదించాం, ఆ నెమ్మదితనం అందరికీ మేలు చేసింది. దావీదు దగ్గర నాలుగు వందలమంది యుద్ధానికి వెళ్తే, అలసిపోయి బెసోరు వాగు దగ్గర ఆగిపోయినవాళ్లు రెండు వందలమంది. తిరిగొచ్చాక వాళ్లకు వాటా ఇవ్వొద్దని కొందరు గొడవ చేశారు. సామాను దగ్గర ఉన్నవాడి భాగమూ యుద్ధానికి పోయినవాడి భాగమూ సమానమే అని దావీదు కట్టడ చేశాడు. వాళ్లు ఆగిపోయింది బద్ధకంతో కాదు, ఇక నడవలేక. కోర్సులో ఒక్క పాఠమైనా దీని మీద ఉండాలి.

ఆరో వారం కార్డు. సంతకం పెట్టి ఇవ్వాలి, ఏడాది పాటు ఫలానా పని చేస్తానని. నాకు ఇష్టం లేదు. అందరూ పెడుతుంటే మొహమాటంతో పెట్టేస్తాం. పైగా కార్డు ఇచ్చాక ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి. చాలా ఏళ్ల క్రితం నేను వేరే సంఘంలో ఉన్నప్పుడు ఇలాగే ఒక ఫారం నింపాను, ఏ పనైనా చేస్తానని రాశాను. తొమ్మిది నెలలు ఎవరూ పిలవలేదు. అడగడానికి సిగ్గేసింది. మెల్లగా నాకే అనిపించింది, నాతో వాళ్లకు అవసరం లేదేమోనని. కాగితం తీసుకోకపోయినా అంత బాధ ఉండేది కాదు. అందుకే ఇప్పుడు మా పెద్దలను ముందే బతిమాలాను, కార్డు ఇచ్చిన ప్రతి ఒక్కరినీ రెండు వారాల్లోగా ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి కలవాలని. మా పాస్టర్ గారు ఒప్పుకున్నారు, ఆయనే సగం ఇళ్లకు వెళ్లారు. నర్సు సిస్టర్ ఇంటికి మొదట వెళ్లారు, ఆ సంగతి నాకు చాలా నచ్చింది.

పాస్టర్ గారి గురించి కూడా చెప్పాలి. ఈ కోర్సు ఫలించడం ఫలించకపోవడం సగం కాపరి మీద ఉంటుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పు చెబుతూ కూర్చున్న మోషేను చూసి మామ యిత్రో, నువ్వు చేస్తున్నది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. జనమూ అన్నాడు, గమనించండి. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను పెట్టమన్నాడు. మోషే విన్నాడు. పని పంచడానికి కాపరికి మనసు లేకపోతే ఈ కోర్సు పెట్టకండి, సభ్యుల్లో ఆశ పుట్టించి తలుపు వేసేసినట్టు అవుతుంది. అలాగే సభ్యులు కూడా, ఇన్నాళ్లూ పాస్టర్ గారే కదా చూసుకున్నారు అని చేతులు కట్టుకుంటే ఆయన మీద ఇంకో బరువు పెరగడం తప్ప ఏమీ జరగదు.

మార్కులు అడిగితే ఐదుకు మూడున్నర. రెండో వారానికీ నాలుగో వారానికీ పూర్తి మార్కులు, ప్రశ్నావళికి ఒకటి, ఐదో వారం పట్టికకు సున్నా. కొనాలా వద్దా అంటే, ఒక్క సెట్టు తీసుకుని నడిపించేవాళ్లు చదవండి, అందరికీ వర్క్‌బుక్కులు అక్కర్లేదు. చీటీలకు తెల్ల కాగితం చాలు. ఆరు వారాలు సరిపోవు, నాలుగో వారం ఒక్కదాన్నే నెల పాటు సాగదీసినా నష్టం లేదు. ప్రశ్నావళి తప్పకుండా చేయాలనుకుంటే మార్కులు కూడకుండా, ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఒక పెద్దవాళ్లు ఒక చిన్నవాళ్లు, చదివి చెప్పుకోమనండి.

ఎందుకంటే మా దగ్గర అలా జరుగుతున్నది ఒక్కచోటే. కోర్సు అయిపోయి నాలుగు నెలలు దాటింది. అందరి కాగితాలూ సేకరించి ఫైల్లో పెట్టారు, మామ్మ గారిది మాత్రం రాలేదు. ఇంకా పూర్తి కాలేదట. ఆ టీచరమ్మాయి ప్రతి గురువారం సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్తోంది. మార్జిన్లు నిండిపోయాయని వేరే నోట్‌బుక్ కొనుక్కుంది. మొన్న ఆదివారం కానుకలు లెక్కపెడుతుంటే లోపలికి వచ్చి, పెన్ను అయిపోయింది బ్రదర్, ఒకటి ఇస్తారా అని అడిగింది. ఎన్నో ప్రశ్నలో ఉన్నారమ్మా అన్నాను. డెబ్బై ఒకటి అంది.